మన యింటి వంటలు – వాని చరిత్ర

మన గ్రామ గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున ప్రకటించు సంచికలో చరిత్ర వ్యాసమనగా రాజవంశములను గూర్చియో, కోటలను గూర్చియో, దేవాలయ శాసనములను గూర్చియో వ్రాయుట వాడుక. అట్టి గ్రంథములు మన బీరువాలలో కొదువలేక యున్నవి. కాని ప్రతి యింటను దినమునకు రెండుపూటల పారాయణమగుచు, ఏ బీరువాలోను కానరాని చరిత్ర యొకటి కలదు. అది మన వంటయింటి చరిత్ర.

ఇంటిల్లిపాదికి ప్రీతియైన వంటకమునకు శాసనము లేదు, తాళపత్రము లేదు. అది అత్తగారి చేతినుండి కోడలి చేతికిని, తల్లి చేతినుండి కూతురి చేతికిని, మాటతోను చూపుతోను సాగి వచ్చినది. ఒకే వీధిలో పది యిండ్లుండిన పది విధముల పప్పుపులుసు కాగుచుండును. “మా యింటి పులుసు” అని చెప్పుకొనుటలో ఇంటివారికిగల అభిమానము అందరెరిగినదే. ఆ అభిమానము వెనుకనున్న కథ యేమి? ఆ వంటకము ఎంత పాతది? దానిని కాపాడినవారెవరు? ఇకముందు కాపాడగలవారెవరు? ఈ ప్రశ్నలకు తెలిసినంతమేరకు సమాధానము చెప్పుటయే ఈ వ్యాసమున ఉద్దేశము.

గ్రంథముల సాక్ష్యము

పాకమును గూర్చి మన పెద్దలు బొత్తిగా వ్రాయలేదనుట సరికాదు. క్రీ. శ. 1129 ప్రాంతమున కల్యాణి చాళుక్య ప్రభువైన మూడవ సోమేశ్వరుడు సంస్కృతమున ‘మానసోల్లాసము’ అను గ్రంథమును రచించెను. అందు రాజు అనుభవింపదగిన భోగములలో అన్నభోగము నొకటిగా చెప్పి, అన్నములు, మాంసములు, భక్ష్యములు చేయు విధములను వర్ణించెను. మినుపపిండితో చేయు ‘ఇడ్డరిక’ అందు కలదు. ఇది మన ఇడ్డెనకు పూర్వరూపమని పండితులందురు. ఐనను నేటి ఇడ్డెనలో కలియు బియ్యపురవ్వ ప్రసక్తి అందు లేదు. పేరు నిలిచి, పదార్థము మారినదన్నమాట.

విజయనగర ప్రభువైన శ్రీకృష్ణదేవరాయలు 1509 మొదలు 1529 వరకు రాజ్యమేలెను. ఆయన రచించిన ‘ఆముక్తమాల్యద’ మొదటి ఆశ్వాసమున విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువునుబట్టి పెట్టు భోజనము వర్ణితమైనది. వానకాలమున తడికట్టెలు మండవు గనుక ఎండిన కొబ్బరి డొక్కలతో వండిన వరియన్నము, పొట్టుతీసిన పప్పు, నాలుగైదు పోపుకూరలు, వడియములు, వరుగులు, పెరుగు, నెయ్యి. వేసవిలో నులివెచ్చని అన్నము, తియ్యని చారులు, పలుచని అంబళ్ళు, చెరకురసము, లేత కొబ్బరినీరు, పండ్లు, ఊరవేసిన పిందెలు, నీరుమజ్జిగ. చలికాలమున మిరియపుపొడి చల్లిన వేడికూరలు, ముక్కునకెక్కు ఆవ కలిపిన పచ్చళ్ళు, పాయసములు, ఊరగాయలు, కాగిన నెయ్యి. కథ విల్లిపుత్తూరున జరిగినను, ఈ వడియములును వరుగులును తెలుగింటివారు గుర్తింపగలవే. చదువరి ఒక సంగతిని మాత్రము గమనింపవలెను. ఇన్ని వంటకములలో మిరియమున్నది, ఆవ యున్నది, మిరపకాయ లేదు.

రాజుల పంక్తిని విడిచి పల్లెకు వచ్చినచో శ్రీనాథుని పేర ప్రచారమందున్న చాటుపద్యములు కలవు. పలనాట వరియన్నము దొరకక జొన్నకూడే గతియైనదని కవి వాపోయెను. బచ్చలికూరను చింతచిగురుతో కలిపి, జొన్నకూటితో ఒక్కముద్ద మ్రింగి చూడుమని శ్రీకృష్ణునే పరిహసించెను. నాడు కవికి కష్టముగా తోచిన ఆ చింతచిగురు కూరనే నేడు పట్టణవాసులు అపురూపముగా వెదకి తెప్పించుకొనుచున్నారు. రుచియను దానికి కాలమును, కలిమియు ఎంతగా కారణములో దీనినిబట్టి తెలియును.

ఈ గ్రంథముల నన్నిటిని చూచినపిదప ఒక లోపము కనబడును. మంచి వంటను ‘నలభీమపాకము’ అందుము. నలుడు రాజు, భీముడు విరాటుని కొలువులో వలలుడను పేర వంటవాడైన వీరుడు. పాకమునకు పేరు తెచ్చుకొన్న ఇద్దరును పురుషులే. వేయేండ్లుగా ఇంటింట పొయ్యియెదుట నిలిచిన స్త్రీల పేర్లు వంటతో జతపడి గ్రంథములకెక్కుట అరుదు. గోదావరి లంకలగన్నవరమున అన్నదానముచే ప్రసిద్ధురాలైన డొక్కా సీతమ్మగారు (1841–1909) వంటివారు మిక్కిలి కొలదిమంది. ఆమె దాతృత్వమును గూర్చి చెప్పుకొనునంతగా ఆమె వంటను గూర్చి మనము చెప్పుకొనము.

సముద్రము దాటివచ్చిన చుట్టములు

మన వంటయింటి డబ్బాలను ఒక్కొక్కటిగా తెరచి, ఏ వస్తువు ఎక్కడిదని అడిగినచో వచ్చు సమాధానములు ఆశ్చర్యమును కలిగించును.

మిరప పుట్టినిల్లు అమెరికా ఖండము. 1492లో కొలంబసు ఆ ఖండపు దీవులను చేరకపూర్వము మన దేశమున ఎవరును మిరపకారమెరుగరు. 1498లో వాస్కోడగామా కళ్ళికోటకు వచ్చుటయు, 1510లో పోర్చుగీసువారు గోవాను పట్టుకొనుటయు జరిగిన తరువాత, వారి ఓడల వెంట మిరప పడమటితీరమునకు దిగినది. మిరియపు కారమునకు అలవాటుపడిన మనవారు ఈ క్రొత్తకాయకు మిరియపు పేరునే చేర్చి మిరపకాయ అనిరి. పెరటిలో పండును, ఎండబెట్టిన ఏడాది నిలుచును, మిరియమువలె వెలపెట్టి కొననక్కరలేదు. పేదవాని యింటికి గూడ కారమును తెచ్చిన ఘనత దానిదే. నేడు గుంటూరు పేరు చెప్పగానే మిరప తలపునకు వచ్చును గాని దాని వయస్సు మన దేశమున అయిదు శతాబ్దములే.

ఆలుగడ్డ, టమాటా, వేరుసెనగ, బొప్పాయి, జీడిమామిడి, మొక్కజొన్న – ఇవి యన్నియు ఆ ఖండమునుండి వచ్చినవే. వాని రాకను మన భాష దాచుకొన్నది. సర్కారు జిల్లాలవారు బంగాళాదుంప అందురు. బంగాళమునుండి వచ్చినదని ఆ పేరే చెప్పుచున్నది. రాయలసీమలో ఉర్లగడ్డ యనుట అరవదేశపు పొరుగును చూపును. తెలంగాణమున ఆలుగడ్డ యనుట హిందూస్తానీ సహవాసమును తెల్పును. దుంప యొక్కటే, వచ్చిన త్రోవలు మూడు. టమాటాను మన పెద్దలు రామములగ అనిరి. దేవుని పేరు పెట్టుకొన్న పిదప పరాయిదని ఎవరనగలరు?

ఇవి క్రొత్తవి, జొన్న రాగి సజ్జలు మాత్రము మన నేలవే యనుకొందుము. వృక్షశాస్త్రజ్ఞులు ఇవియును ఆఫ్రికా ఖండమున పుట్టి, వేలయేండ్ల క్రిందట మన దేశమునకు వచ్చినవనుచున్నారు. చింతచెట్టు సయితము ఆఫ్రికానుండి అతి ప్రాచీనకాలముననే వచ్చి స్థిరపడినదట. పప్పుపులుసున ఘుమఘుమలాడు ఇంగువ ఆఫ్ఘనిస్తాన్, ఇరాన్ దేశముల కొండలలో మొలచు మొక్క పాలు. మన దేశమున దానిని పండించు ప్రయత్నము 2020 అక్టోబరులో గాని హిమాచల ప్రదేశమందలి లాహౌల్ లోయలో మొదలుకాలేదు.

అట్లయిన మన నేలలో పుట్టినవేవి? ఉలవ, పెసర, మినుము, అండుకొఱ్ఱ మొదలగునవి. దక్కను పీఠభూమిలో సుమారు 4,000 ఏండ్ల నాటి నవీన శిలాయుగపు ఊళ్ళను త్రవ్వినప్పుడు, కాలి మసియైన ఉలవగింజలును, పెసలును, చిరుధాన్యపు గింజలును దొరకినవి. కృష్ణా గుంటూరు మండలములందు ఎడ్లకు ఉలవలు ఉడికించి, ఆ కట్టును పారబోయక చారు కాచుకొనెడివారు. నేడు పెండ్లివిందులలో మీగడతో వడ్డించు ఉలవచారు ఆ పశువులకొట్టమునుండి వచ్చినదే. మన వంటకములలో మిక్కిలి పాతగింజతో చేయునది ఏదియని అడిగినచో, పిండివంటలకంటె ముందుగా ఈ చారును పేర్కొనవలెను.

ఈ వివరము లన్నిటి వలన తేలునదేమి? ఇంటివంట ప్రాచీనమైనందువలన మనది కాలేదు. వచ్చిన ప్రతి వస్తువును మన పులుపునకు, మన ఉప్పునకు, మన పోపునకు లోబరచి, ఇది మన రుచి యనిపించిన చేతుల వలన అది మనదైనది. ఆ చేతుల విద్యయే అసలు వారసత్వము.

ఆవకాయ చెప్పు కథ

దీనికి ఆవకాయకు మించిన నిదర్శనము లేదు. తెలుగింట “మా యింటి పాళ్ళు” అని గట్టిగా వాదించు వంటకము ఇదియే గదా.

పేరును చూడుడు. ఎఱ్ఱని కారముతో కన్నులు చెదరగొట్టు ఈ ఊరగాయకు మిరప పేరు లేదు. ఆవ కలిపిన కాయ గనుక ఆవకాయ. రాయలవారి కావ్యమున ముక్కునకెక్కిన ఆవ పచ్చళ్ళ వారసత్వము ఈ పేరులో నిలిచియున్నది. పిదప వచ్చిన మిరపకారము రంగును, రుచిని ఆక్రమించినను పేరును మాత్రము ఆక్రమింపలేకపోయినది. ఇక నూనె. ‘నూనె’ యను మాటయే నువ్వుల నెయ్యి యను అర్థమున ఏర్పడినది. తెలుగువానికి నూనెయనగా మొదట నువ్వులనూనెయే. వేరుసెనగ సాగు పెరిగిన తరువాత అనేక గృహములందు ఊరగాయకు ఆ నూనె వాడుకలోనికి వచ్చినది. ఒక్క జాడీలో మామిడి, ఆవ, నువ్వు అను పాతకాలపు వస్తువులును, మిరప, వేరుసెనగ అను ఓడలమీది వస్తువులును కలిసి ఊరుచున్నవి.

ఈ ఊరగాయను పెట్టు విధమున ఎంత శాస్త్రమున్నదో గమనింపదగును. రోహిణీకార్తె ఎండలలో, తొలకరి పడకముందే పెట్టవలెను. కాయ పుల్లనిదై, పీచుగట్టిదై, లోని టెంక ముదిరి యుండవలెను. గోదావరి మండలములందు కొత్తపల్లి కొబ్బరి, కృష్ణా మండలమందు జలాలు పేరుగల కాయలు. కడిగి తడిలేకుండ తుడిచి, టెంకతోకూడ ముక్కలు కొట్టుదురు. టెంక అంటియుండుటచే ముక్క మెత్తబడక ఏడాది నిలుచును. కారము, ఆవపిండి, ఉప్పు ఇంచుమించు సమపాళ్ళుగ కలిపి, నూనెలో తడిపిన ముక్కలను అందు పొర్లించి జాడీకెత్తుదురు. మూడవనాడు తిరుగగలిపి, ఉప్పు చూచి, ముక్కలు మునుగునంత నూనె పోయుదురు.

ఉప్పు ముక్కలోని నీటిని వెలికిలాగును. నీరు తగ్గినచోట కుళ్ళు సూక్ష్మజీవులు పెరుగజాలవు. పైన తేలు నూనె గాలిని అడ్డును. ఆవగింజను దంచి తడిపినప్పుడే దాని ఘాటు పుట్టును. ఆ ఘాటు బూజును అణచును. ఆవను మాడ వేయించినచో ఆ గుణము చచ్చును గనుకనే మన స్త్రీలు ఆవను ఎండబెట్టి పచ్చిగనే దంచెడివారు. తడిగరిటె జాడీలో పెట్టరాదని పెద్దలు కసరుటలో గల కారణమును నేటి సూక్ష్మజీవశాస్త్రము వివరించుచున్నది. ఆ శాస్త్రము పుట్టకముందే ఈ కట్టుబాటు వంటయింట పుట్టినది.

ఇక ఇంటింటి భేదములు. వెల్లుల్లి వేయువారు కొందరు, వేయనివారు కొందరు. శనగలు కలుపువారు, మెంతులు కలుపువారు, బెల్లము పోసి బెల్లమావకాయ పెట్టువారు, పెసరపిండితో పెసరావకాయ పెట్టువారు. తెలంగాణమున అల్లము వెల్లుల్లి నూరి కలిపి, కాచి చల్లార్చిన నూనెతో పెట్టుట అనేకుల వాడుక. ఒక పెండ్లి జరిగినదనగా రెండు జాడీల సంప్రదాయములు ఒక యింట కలిసినవన్నమాట. కోడలు తెచ్చిన పాళ్ళు అత్తవారింట నిలిచినవా, అత్తగారి పాళ్ళనే ఆమె నేర్చుకొన్నదా యను దానిలో కుటుంబ చరిత్ర యెంతయో దాగియున్నది. నేడు మన పిల్లలు చదువులకు, ఉద్యోగములకు అమెరికా వెళ్ళుచు ఆవకాయను మూటగట్టుకొని పోవుచున్నారు. మిరప తన పుట్టినింటికి తెలుగుకోడలై మరలి పోవుచున్నదనవచ్చును.

నీరు వచ్చెను, కూడు మారెను

వంటను మార్చునది ఓడ మాత్రమే కాదు, కాలువయు మార్చును. ధవళేశ్వరమున గోదావరికి అడ్డముగా కాటనుదొర ఆధ్వర్యమున 1847లో ఆరంభమైన ఆనకట్ట 1852లో పూర్తియైనది. బెజవాడ కడ కృష్ణ ఆనకట్ట 1855లో ముగిసినది. అంతకుముందు 1832–33లో గుంటూరు సీమను డొక్కలకరవు తుడిచిపెట్టినది. కాలువనీరు పారిన డెల్టాలలో మాగాణి పెరిగి, పండుగకు మాత్రమే వరియన్నము నెరిగిన అనేక గృహములకు అది దినభోజనమైనది. నీరందని మెట్టసీమలందు జొన్నయన్నము, రాగిసంకటి, కొఱ్ఱబువ్వ, గటక కొనసాగినవి. 1876–78 నాటి ధాతుకరవు రాయలసీమను క్రుంగదీసినది. ఆకులలములు తిని ప్రాణములు నిలుపుకొన్నవారి కథలు అచట ఇప్పటికిని వినబడును.

తరువాతి మార్పులు త్వరితముగా వచ్చినవి. నాగార్జునసాగర జలములు 1967లో కాలువలకు విడుదలయైనవి. 1983లో కిలో రెండురూపాయల బియ్యపు పథకము ప్రారంభమై, మెట్టసీమల పేద గృహములకు సయితము వరిబియ్యము చేరినది. 1986లో బాపట్ల పరిశోధన క్షేత్రమునుండి సాంబమసూరి (బి.పి.టి. 5204) విడుదలయై, సన్నబియ్యపు రుచిని అంతట వ్యాపింపజేసినది. ఆకలి తగ్గుట గొప్పమేలు, దానిని కాదనరాదు. కాని ఆ వేగమున సంకటి కెలకు తెడ్డు అటకెక్కినది. గటకను కలియబెట్టు చేతివాటము మరుపున పడినది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించిన పిదప, పట్టణములందు కొఱ్ఱలు వెలగల ఆహారమైనవి. ఇప్పుడు వానిని వండు విధము తెలియగోరువారు అడుగవలసినది మన ఊళ్ళలోని ముసలమ్మలనే.

నేలనుబట్టి వంటకములు మారినను, పేర్లు మారిన వంటకమొకటే యగుటయు కలదు. శనగపప్పు బెల్లము పూర్ణముతో చేయుదానిని సర్కారు జిల్లాలవారు బొబ్బట్లనియు, రాయలసీమవారు ఓళిగలనియు, తెలంగాణమువారు భక్ష్యములనియు అందురు. గోదావరిసీమ పనసపొట్టు కూర, ఓరుగల్లు ప్రాంతపు సర్వపిండి, సంక్రాంతి సకినములు, సీమ రాగిసంకటి ఎవరి నేల గుర్తును వారికి చూపుచున్నవి. వీనిలో కొన్నిటికి ప్రభుత్వపు భౌగోళిక సూచిక గుర్తింపు గూడ లభించినది. బందరులడ్డుకు 2017లోను, ఆత్రేయపురపు పూతరేకులకు 2023లోను అది దక్కినది. అది అమ్మకపు సరకును కాపాడును. అమ్మకమునకు రాని ఇంటివంటను కాపాడు చట్టము లేదు, ఇంటివారే కాపాడుకొనవలెను.

చేతి కొలతలు

ఇంటివంటను వ్రాయబూనినవారికి ఎదురగు మొదటి చిక్కు కొలత. “ఎంత ఉప్పు వేయవలెను?” అని అడిగిన పెద్దమ్మ “చాలినంత” అనును. అది నిర్లక్ష్యము కాదు. ఉప్పు రాళ్ళదో, మెత్తనిదో. చింతపండు క్రొత్తదో, పాతదో. కుండ పెద్దదో, చిన్నదో – వీని నన్నిటిని కనిపెట్టి చేయి తీర్పు చెప్పవలెనని ఆమె భావము. చిటికెడు, పిడికెడు, గుప్పెడు, చేరెడు అనునవి మన శరీరమే మోయు కొలపాత్రలు.

వీనికితోడు ఇంటింట గిద్ద, సోల, తవ్వ, మానిక యుండెడివి. సర్కారు జిల్లాలలో నాలుగు గిద్దలొక సోల. రెండు సోలలొక తవ్వ. రెండు తవ్వలొక మానిక. తూకమునకు తులము, సేరు, వీశె. 120 తులముల వీశె నేటి లెక్కలో సుమారు 1,400 గ్రాములు. 1956 నాటి చట్టముననుసరించి 1958 అక్టోబరునుండి మెట్రిక్ తూకములు దశలవారీగా అమలులోనికి వచ్చినవి. వర్తకమున అది గొప్ప సంస్కరణము. కాని “వీశె కారమునకు మానికెడు ఉప్పు” అని కంఠస్థము చేసిన తల్లి మాటను, కిలోలెక్క మాత్రమెరిగిన కూతురు వీశెను కిలోగా తలంచి పాటించినచో పాళ్ళు తప్పును. మాట నిలిచి కొలత మరుగైనప్పుడు వంటకము చెడును. ఇట్లు ఎన్ని యిండ్ల పాళ్ళు చెదరినవో!

పొయ్యికడ శ్రమ

పాతవంటలను పొగడునపుడు ఒక సత్యమును మరువరాదు. ఆ రుచికి వెలయిచ్చినది స్త్రీల శరీరము. తెల్లవారకముందే లేచి తిరగలి త్రిప్పుట, రోకటితో దంచుట, సన్నికంటిమీద నూరుట, దూరమునుండి నీరు మోయుట, తడికట్టెలనూది పొగలో కన్నులు కాల్చుకొనుట – ఇవి వారి దినచర్య. ఇంటిల్లిపాది తిన్నపిదప మిగిలినది తినుటయు వారి వంతే. పిండిమర, బియ్యపుమర, విద్యుత్తు, కుక్కరు, మిక్సీ ఒక్కొక్కటిగా ఈ భారమును తగ్గించినవి. 1999లో మన రాష్ట్రమున దీపము పథకమును, 2016లో దేశమంతట ఉజ్జ్వల పథకమును పేద స్త్రీల యిండ్లకు వంటవాయువును చేర్చినవి.

రోటిపచ్చడి రుచి మిక్సీలో రాదనుట నిజమే. రోలు నలుపును, మిక్సీ తరుగును. రెంటి ఫలము వేరు. కాని ఆ రుచిని కోరువాడు రోకలిని తానును పట్టవలెను. వంట స్త్రీల విధియని తలచినంతకాలము, శ్రమనుండి విముక్తి కోరిన స్త్రీ వంటనుగూడ విడిచిపెట్టును. అది ఆమె తప్పు కాదు. మగపిల్లలకును ఆడపిల్లలకును సమముగ నేర్పిననాడే ఇంటివంట నిలుచును.

ఎవరి వంట గ్రంథస్థమైనది?

ఇరువదవ శతాబ్దమున తెలుగున వంటపుస్తకములు వెలువడినవి. నూజివీడులో జన్మించిన మాలతీ చందూర్‌గారు (1928–2013) వ్రాసిన ‘వంటలు – పిండివంటలు’ అనేక ముద్రణలు పొంది, క్రొత్తగా కాపురమునకు పోవు ఆడపిల్లలకు తల్లివలె తోడుపడినది. దూరపు ఊళ్ళలో కాపురము పెట్టిన కోడలికి అత్తగారి తోడు లేనిలోటును ముద్రణాలయము తీర్చినది. ఇది మన సాంఘిక చరిత్రలో ముఖ్యమైన మార్పు.

ఐనను పుస్తకములకెక్కిన వంట చాలవరకు కలిగినవారి వంట, పండుగనాటి వంట. కూలికి పోయివచ్చిన తల్లి పొయ్యి రాజేసి పావుగంటలో వండు గోంగూర పులుసు, చేనిగట్ల తోటకూర, ఎండుచేపల పులుసు, నూకలజావ, పిల్లలకు పంచిన అంబలి – ఇవి తరచుగా ఏ గ్రంథమునను కానరావు. రాయలవారు అతిథులకు పెట్టించిన పలుచని అంబలి కావ్యమున నిలిచినది. కూలివాని కుండలోని అంబలి నిలువలేదు. ఒకప్పుడు కులముపేర పంక్తులు వేరుచేసిన ఊళ్ళలో ఒక వీధి వంట మరియొక వీధికి తెలియనే లేదు. కొద్దిపాటి వస్తువులతో రుచిని పుట్టించుటలో ఎంత నేర్పు కావలెనో ఆలోచింపుడు. నేయి, జీడిపప్పు ఉన్నచోట వంట కుదురుట వింత కాదు. గుప్పెడాకు, నాలుగు మిరపకాయలు, ఉప్పుకల్లు మాత్రమున్నచోట కుదురుట విద్య. ఆ విద్యను వదలి వ్రాసిన వంటల చరిత్ర సగము చరిత్రయే యగును.

మన గ్రంథాలయము చేయదగిన పని

గ్రంథాలయమనగా అచ్చుపుస్తకములను అద్దెకిచ్చు చోటు మాత్రమే కాదు. ఊరి జ్ఞానమును భద్రపరచు భాండాగారము. కావున ఈ రజతోత్సవ సందర్భమున ఒక చిన్న సూచన చేయుచున్నాను. మన గ్రంథాలయమున ‘ఇంటివంటల పుస్తకము’ అను పేర ఒక పెద్ద తెల్లకాగితముల పుస్తకమును ఉంచవలెను. ఊరిలోని ప్రతి వాడనుండి, ప్రతి యింటినుండి ఒక్కొక్క వంటకమైనను అందు చేరవలెను. బడిపిల్లలు సెలవుదినములలో తమ యింటి పెద్దలనడిగి వ్రాసికొని రావచ్చును.

వ్రాయునపుడు కొన్ని సంగతులు తప్పక చేర్చవలెను. వంటకమును ఎవరి వద్ద నేర్చిరి, ఆమె ఏ ఊరినుండి వచ్చినది. ఏ ఋతువున, ఏ సందర్భమున వండుదురు. ఏ పాత్రలో, ఏ సెగమీద. పాతకొలత యేది, నేటి గ్రాములలో అది యెంత. పిడికెడు అని చెప్పినచో ఆ పిడికిటినే తూచి అంకె వేయవలెను. ఏ వస్తువు దొరకనప్పుడు ఏది వేసెడివారో, వంటకము చెడుటకు హేతువులేవో అదియు వ్రాయవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, చెప్పిన స్త్రీ పేరును ఆమె సమ్మతితో పై పంక్తిలో వ్రాయవలెను. వేయేండ్లుగా జరుగని న్యాయము ఆ ఒక్క పంక్తితో కొంతయైనను జరుగును.

వంటను వ్రాసి పెట్టినంతమాత్రమున రుచి నిలుచునా యని కొందరు సందేహింపవచ్చును. నిజమే, కాగితము కూరను వండదు. ఐనను నాయనమ్మ గతించిన పిదప, ఆమె పులుసును తలచుకొని పొయ్యిముందు నిలిచిన మనుమరాలికి, లేక మనుమనికి, మొదటి అడుగు ఎక్కడ వేయవలెనో ఆ కాగితము చెప్పగలదు. తక్కినది చేయి నేర్చుకొనును. మొదటినాడు ఉప్పెక్కువైనను, మూడవనాటికి కుదురును. ఆమె నేర్చుకొన్నదియు అట్లే గదా.

డెబ్బది ఎనుబదేండ్ల పెద్దలు మన ఊరిలో ఇంకను ఉన్నారు. రోలును, సోలను, సంకటితెడ్డును చేతితో వాడినవారు వారే. వారి తరము దాటినపిదప ఈ పుస్తకమును నింపుట ఎవరికిని సాధ్యము కాదు. రజతోత్సవము జరుపుకొనుచున్న మన గ్రంథాలయము స్వర్ణోత్సవమునాటికి ఆ పుస్తకమును నిండుగ మన బిడ్డల చేతికందించుగాక యని కోరుచు, ఈ సంస్థకు చిరాయువును, గ్రామస్థులందరి యింట నిత్యము పచ్చగ పొయ్యి వెలుగుటను ఆకాంక్షించుచున్నాను.